ఇల్లు కొనేముందు రెండో ఏడాది బిల్లు చూడండి

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి పద్నాలుగు నెలలైంది. నాది హెచ్‌1బీ, మా ఆవిడది హెచ్‌4. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దెకు ఉంటున్నాం. మా ఆఫీసువాళ్లు టెక్సస్‌లోని డాలస్‌కు మారతావా అని అడుగుతున్నారు. అక్కడ 5 లక్షల డాలర్లకు నాలుగు బెడ్‌రూముల కొత్త ఇల్లు వస్తుందని, స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదని స్నేహితులు చెబుతున్నారు. ప్రాపర్టీ ట్యాక్స్ దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. దీన్ని ఎలా పోల్చుకోవాలో పెద్దవాళ్లు కాస్త చెప్పండి.

డాలస్ నుంచి

తమ్ముడూ, నువ్వు అడిగిన డాలస్ కొత్త ఇల్లే మేమూ కొన్నాం, 2016లో. మొదటి ఏడాది నెలవారీ పేమెంట్ చూసి ఎంత తేలిగ్గా ఉందో అనుకున్నాం. టెక్సస్‌లో జనవరి 1న ఆస్తి ఎలా ఉందో చూసి ఆ ఏటి ట్యాక్స్ వేస్తారు. ఆ జనవరి 1కి మా స్థలంలో ఇటుక కూడా పడలేదు. అందుకే ఖాళీ స్థలానికి మాత్రమే, సుమారు 1,900 డాలర్ల బిల్లు వచ్చింది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి 9,400 అయింది. లోన్ ఇచ్చినవాళ్లు మన తరఫున ట్యాక్స్ కట్టడానికి నెలనెలా డబ్బు తీసి ఎస్క్రో అనే ఖాతాలో ఉంచుతారు. అందులో పాత లెక్కకే డబ్బు పట్టుకుంటూ వచ్చారు. అందులో తక్కువపడిన 7,500 ఒక పక్క, పెరిగిన కొత్త లెక్క ఇంకో పక్క కలిపి, ఏడాదిపాటు నెలకు 1,250 దాకా అదనంగా కట్టాం. 2018 వేసవికి ఇండియా వెళ్లాలనుకున్నది మానుకున్నాం. సంతకాలు పెట్టేరోజు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి బిల్డర్ ఆఫీసులో ఇచ్చే నెలవారీ అంచనా కాగితాన్ని నమ్మి లెక్క వేయకు. అదే కమ్యూనిటీలో రెండేళ్ల కిందట పూర్తయిన ఇంటి అడ్రస్ తీసుకుని, ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో దాని విలువ, రేట్లు చూడు. ఎవరైనా చూడొచ్చు. ఆ ఇంటి యజమానికి మినహాయింపులు ఉన్నాయేమో కూడా అక్కడే తెలుస్తుంది.

ఆ రేటు ఒక్కరు వేసేది కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ, కౌంటీ, కాలేజీ విడివిడిగా వేస్తాయి, అన్నిట్లో పెద్దది స్కూల్‌ది. ఊరి పొలిమేర దాటి కట్టిన చాలా కొత్త కమ్యూనిటీల్లో మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) అని ఇంకోటి తగులుతుంది. నీళ్లు, డ్రైనేజీ లాంటివాటికి బాండ్లతో తెచ్చిన అప్పును అక్కడి ఇళ్లవాళ్లు ట్యాక్స్ రూపంలో తీరుస్తారు. రోడ్డుకు ఈ పక్క మడ్ ఉంటుంది, ఆ పక్క ఉండదు. కమ్యూనిటీ నిర్వహణకు ఇళ్ల యజమానుల సంఘం తీసుకునే హెచ్‌ఓఏ ఫీజు వేరే.

సొంతింట్లోనే ఉండేవాళ్లకు ట్యాక్స్‌లో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు నువ్వే అప్లై చేయాలి. దానికి ఫీజు లేదు. డబ్బు కడితే చేసిపెడతామని ఉత్తరాలు వస్తాయి, వాటిని పట్టించుకోకు. 2025 నవంబర్ ఓటింగ్ తర్వాత స్కూల్ ట్యాక్స్‌లో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తున్నారు. స్కూల్ రేటు 1.1 శాతం అయితే ఏడాదికి 1,540 మిగులుతుంది. మరుసటి ఏడాది నుంచి ట్యాక్స్ వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ చేయాలి. మేం ఏటా చేస్తాం.

ఇన్సూరెన్స్ కూడా కలుపుకో. ఇక్కడ వడగళ్లు ఎక్కువ. పాలసీలో వడగళ్ల డిడక్టిబుల్ 2 శాతం అని రాసి ఉంటే, 5 లక్షల కవరేజీ మీద మొదటి 10,000 నీ జేబులోంచే.

న్యూజెర్సీ నుంచి

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా వైపు లెక్క కూడా చెబుతాను. న్యూజెర్సీలో సగటు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు 2024లో 10,000 డాలర్లు దాటింది, దేశంలో ఇదే ఎక్కువ. అందులో సగం పైన స్కూళ్లకే పోతుంది. ఒక్కటి మేలు: పాత ఇల్లయితే దాని పోయినేటి బిల్లు కళ్లముందే ఉంటుంది.

ఇక స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్. భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే, ట్యాక్స్ పడే ఆదాయం 2 లక్షలకు ఇక్కడ సుమారు 8,700 కడతారు. అదే లక్షకయితే 2,750 మాత్రమే. లక్ష వచ్చే ఒక్క జీతం ఉన్న ఇంటికి టెక్సస్ వెళ్తే మిగిలేది ఆ 2,750. ఆ ధైర్యంతో పెద్ద ఇల్లు కొంటే మిగిలిందంతా ప్రాపర్టీ ట్యాక్స్‌కే పోతుంది. ఇంకో మాట. ఉద్యోగం పోతే ఇన్‌కమ్ ట్యాక్స్ ఆగిపోతుంది. ప్రాపర్టీ ట్యాక్స్ ఆగదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లం, ఉద్యోగం పోతే మనకున్న గడువు గరిష్ఠంగా 60 రోజులు. దీన్ని మర్చిపోవద్దు.

ఫ్రీమాంట్ నుంచి

కాలిఫోర్నియా గురించీ నాలుగు ముక్కలు, రేపు ఇటు మారాల్సి వస్తే పనికొస్తాయి. 1978 నాటి ప్రాపోజిషన్ 13 వల్ల మూల రేటు కొన్న ధరలో 1 శాతం. స్థానిక బాండ్లు దాని పైన. ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. అందుకే ఒకేలాంటి రెండు ఇళ్లలో పాతకాపుకు 3,000, కొత్తగా కొన్నవాళ్లకు 16,000 ఉండొచ్చు. అమ్మేవాళ్ల బిల్లు చూసి మోసపోవద్దు. కొన్నాక పాత విలువకూ కొత్త విలువకూ ఉన్న తేడా మీద సప్లిమెంటల్ బిల్లు విడిగా వస్తుంది, దాన్ని సాధారణంగా ఎస్క్రో కట్టదు.

మళ్లీ ప్రశ్న

అన్నా, అక్కా, చాలా థాంక్స్. మాది ఒక్క జీతమే. డౌన్ పేమెంట్‌కు 5 శాతం ఉంది. తక్కువ డౌన్ పేమెంట్‌తో ప్రభుత్వ హామీ మీద ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తీసుకోవచ్చా?

డాలస్ నుంచి

లేదు తమ్ముడూ. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేని వీసావాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ ఇవ్వడం లేదు. ప్రభుత్వ హామీ లేని కన్వెన్షనల్ లోన్ దొరుకుతుంది, కానీ డౌన్ పేమెంట్ 20 శాతం కట్టకపోతే, లోన్ ఇచ్చినవాళ్ల భద్రతకు మనం కట్టే పీఎంఐ అనే ఇన్సూరెన్స్ నెలనెలా పడుతుంది. నా మాట విని మొదటి ఏడాది అద్దెకు దిగు. ఆ పన్నెండు నెలలూ అద్దె పోను, ఇంటికి పూర్తిగా అయ్యే ఖర్చులో మిగతాది విడి ఖాతాలో వేస్తూ రా. మీ ఇద్దరికీ టెన్షన్ లేకుండా గడిచిందంటే, ఆ డబ్బే డౌన్ పేమెంట్‌కు కలుస్తుంది. వచ్చాక ఒక శనివారం ఖాళీ చేసుకో. మడ్ ఉన్న వీధులు, లేని వీధులు కారులో తిప్పి చూపిస్తాను. మీ ఆవిడను కూడా తీసుకురా.