బకై ఉండల మీద చాక్లెట్ పగిలిపోతోంది

ఒహాయోలో క్రిస్మస్‌కి చేసుకునే బకై ఉండలు ఈసారి నేనే చేసి పక్కింటివాళ్లకి ఇద్దామనుకున్నాను. పీనట్ బటర్ ఉండని పైన కాస్త కనబడేలా వదిలి చాక్లెట్‌లో ముంచడమే.

పీనట్ బటర్ 250 గ్రాములు, వెన్న 60, పంచదార పొడి 250. ఉండల్ని గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి, వేడినీళ్ల గిన్నె మీద 45 డిగ్రీలకి కరిగించిన డార్క్ చాక్లెట్‌లో ముంచాను. పది నిమిషాల్లో పైపూత చీలింది. మర్నాటికి తెల్లటి చారలు కూడా వచ్చాయి.

ఫ్రీజర్ టైమ్ 15 నిమిషాలకి తగ్గిస్తే ఉండ మెత్తబడి చాక్లెట్‌లోనే జారిపోయింది. చెంచా కొబ్బరినూనె కలిపితే పగల్లేదు గానీ పట్టుకుంటే వేళ్లకి అంటుకుంటోంది, డబ్బాలో పెట్టి ఇవ్వడానికి పనికిరాదు. రుచి మాత్రం చాలా బాగుంది, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

నూనె కలపకుండా, పగుళ్లూ చారలూ రాకుండా ఉండాలంటే ముంచేటప్పుడు డార్క్ చాక్లెట్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉండాలి?