రేడియేషన్ తర్వాత పెట్-సీటీకి 12 వారాలు ఎందుకు ఆగమంటారు?

ప్రశ్న

నాన్నగారికి నాలుక మొదట్లో క్యాన్సర్. మెడలో ఎడమవైపు లింఫ్ గ్రంథులకు కూడా పాకింది. బయాప్సీలో హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే ఒక వైరస్) పాజిటివ్ అని వచ్చింది. రేడియేషన్, దానితో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పూర్తయ్యాయి. ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది. మెడలో గడ్డ చాలావరకు కరిగింది కానీ వేలితో నొక్కితే గట్టిగా ఇంకా తగులుతోంది.

12 వారాలు నిండాకే పెట్-సీటీ తీద్దామని డాక్టర్లు అంటున్నారు. ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు. మా మామయ్య అయితే "చేతికి తగులుతుంటే ఇంకా చూసేదేముంది? ఇప్పుడే స్కాన్ తీయించి, ఉంటే ఆపరేషన్ చేయించేద్దాం" అని పట్టుబడుతున్నారు. ఇన్ని వారాలు ఆగితే జబ్బు ముదరదా? స్కాన్ రోజు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పండి. నాన్నగారికి షుగర్ ఉంది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నాం.

జవాబు: న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు

పెట్ స్కాన్‌లు తీయడం నా వృత్తి. వాటిని చదివి రిపోర్టు రాసేది డాక్టర్లు. అందుకని మీ నాన్నగారి గడ్డ ఏమిటన్నది నేను చెప్పకూడదు. ఎందుకు ఆగమంటున్నారో మాత్రం చెప్పగలను. ఈ ప్రశ్నతో మా దగ్గరకు వచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల ఆదుర్దా నాకు తెలుసు.

మేము నరంలోకి ఎక్కించే ఎఫ్‌డీజీ, ఫ్లోరిన్-18 తగిలించిన ఒక రకం గ్లూకోజు. క్యాన్సర్ కణాలు దాన్ని ఆబగా లాక్కుంటాయి, ఆ చోటు తెర మీద వెలుగుతుంది. చిక్కు ఏమిటంటే, రేడియేషన్‌కు దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేయడానికి చేరే రోగనిరోధక కణాలు కూడా గ్లూకోజును అలాగే లాక్కుంటాయి. ఆరో వారంలో గొంతు లోపలి పొర ఇంకా మానుతూ ఉంటుంది. ఇప్పుడు స్కాన్ తీస్తే మానుతున్న పుండూ, మిగిలిన క్యాన్సరూ ఒకేలా వెలిగే అవకాశం ఎక్కువ. దీనికి తలకిందులుగా జరిగే ప్రమాదమూ ఉంది. చికిత్స దెబ్బకు సొమ్మసిల్లిన కొద్దిపాటి క్యాన్సర్ కణాలు ఈ దశలో గ్లూకోజు తీసుకోకుండా తప్పించుకోవచ్చు. అంటే తొందరపడి తీసిన స్కాన్ "ఉంది" అన్నా, "లేదు" అన్నా గట్టిగా నమ్మలేం.

మామయ్యగారికి పెట్-నెక్ అనే పరిశోధన గురించి చెప్పండి. ఫలితాలు 2016లో వచ్చాయి. మెడ గ్రంథులకు బాగా పాకిన తల, మెడ క్యాన్సర్ ఉన్న 564 మందిని బ్రిటన్‌లో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మెడ గ్రంథులు తీసేసే ఆపరేషన్‌ను ముందే ఖాయం చేశారు. రెండో జట్టుకు కీమో, రేడియేషన్ ముగిసిన 12 వారాలకు పెట్-సీటీ తీసి, అనుమానం మిగిలినవారికే ఆపరేషన్ చేశారు. రెండేళ్లకు బతికి ఉన్నవారు స్కాన్ జట్టులో 84.9 శాతం, ఆపరేషన్ జట్టులో 81.5 శాతం. ఆగినందువల్ల ప్రాణానికి నష్టం జరగలేదు. ఆపరేషన్ జట్టులో 221 మందికి మెడ కోయాల్సి వస్తే, స్కాన్ జట్టులో 54 మందికే ఆ అవసరం పడింది. మెడ ఆపరేషన్ తర్వాత చేయి పైకెత్తలేక, తల దువ్వుకోవడానికి కూడా అవస్థపడే వారిని నేను చూస్తుంటాను. భుజానికి వెళ్లే నరం ఆ గ్రంథుల పక్కనే ఉంటుంది. ఆ కోత తప్పితే ఎంత మేలో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

చేతికి తగులుతోందని బెంబేలు పడకండి. హెచ్‌పీవీ క్యాన్సర్ పాకిన గ్రంథులు లోపలి కణాలు చచ్చిపోయాక కూడా నెమ్మదిగానే కుంచించుకుపోతాయి. కానీ గడ్డ పెరుగుతున్నా, కొత్తది తగిలినా, నొప్పి ఎక్కువవుతున్నా 12 వారాలని కూర్చోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇక స్కాన్ రోజు సంగతి. కనీసం ఆరు గంటలు ఖాళీ కడుపు అంటే గొట్టంలో పోసే ఆహారం కూడా ఆపాలి. నోటితో ఏమీ తినలేదు కదా అని పొద్దున్నే గొట్టంలో పాలో, పొడి కలిపిన నీళ్లో పోసి తీసుకొచ్చేవారు ఉంటారు. అప్పుడు స్కాన్ వాయిదా వేయక తప్పదు. మంచినీళ్లు పోయవచ్చు, పోయాలి కూడా. రక్తంలో చక్కెర 200 దాటితే చాలాచోట్ల సూది వేయరు. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కూ, మా సూదికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. లేకపోతే ఎఫ్‌డీజీ అంతా కండరాల్లోకి పోతుంది. ఏ మందు ఆపాలో, ఎప్పుడు వేయాలో స్కాన్ తేదీ ఇచ్చేటప్పుడే అడిగి రాయించుకోండి. సొంతంగా ఏదీ ఆపవద్దు.

సూది వేశాక సుమారు గంటసేపు నాన్నగారు మాట్లాడకూడదు. ఇది చాదస్తంగా అనిపించవచ్చు కానీ మెడ స్కాన్‌లో దీనికి చాలా విలువ ఉంది. మాట్లాడితే స్వరపేటిక కండరాలు, నమిలితే దవడ కండరాలు గ్లూకోజు లాక్కుని వెలుగుతాయి. ఒకవైపు స్వరతంత్రి పక్షవాతంతో పడిపోయి ఉంటే, ఆ పనంతా మోస్తున్న ఆరోగ్యమైన తంత్రి ఒక్కటే ధగధగా వెలుగుతుంది. తెలియనివారు అటువైపే క్యాన్సర్ ఉందనుకుంటారు. చలికి మెడలోని గోధుమ రంగు కొవ్వు కూడా వెలుగుతుంది కాబట్టి దుప్పటి కప్పుతాం. కట్టుడు పళ్లు తీసేయండి. ఫోను మీ దగ్గరే ఉంచుకోండి. ఆయనకు ఫోను వస్తే మాట్లాడకుండా ఉండలేరు!

జవాబు: టాన్సిల్ క్యాన్సర్‌కు చికిత్స పొందిన వ్యక్తి

నాకు 12 వారాల స్కాన్‌లో కొద్దిగా వెలుగు కనిపించింది. రిపోర్టులో "ఎస్‌యూవీ మాక్స్ 3.6" అని చదివి (ఆ చోటు గ్లూకోజును ఎంత లాక్కుందో చెప్పే కొలత అది) ఆ రాత్రంతా ఆ అంకె పట్టుకునే కూర్చున్నాను. ఎంత దాటితే క్యాన్సర్ అని వెతకని చోటు లేదు. మా డాక్టర్ గారు దాన్ని ని-రాడ్స్ 2 అని చెప్పారు, అంటే అనుమానం తక్కువ అని. కోయకుండా మళ్లీ స్కాన్ తీయించారు. రెండోసారి ఏమీ లేదు. మొదటి స్కాన్ తేలకపోయినా కథ అక్కడితో అయిపోదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంట్లో వాళ్లు మాత్రం రిపోర్టు డాక్టరుతో కలిసి చదవండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మామయ్యకు చదివి వినిపించాను, ఆగుదామన్నారు. ఇంకో సందేహం. ఇప్పుడు రక్తపరీక్షతోనే హెచ్‌పీవీ క్యాన్సర్ మిగిలిందో లేదో తెలుస్తుందనీ, ఎఫ్‌ఏపీఐ అనే కొత్త పెట్ వచ్చిందనీ ఎవరో చెప్పారు. వాటికోసం అడగాలా?

మళ్లీ టెక్నాలజిస్టు

ముందు ఎస్‌యూవీ మాట. పైన రాసినవారు పడిన బాధ మీరు పడకూడదు. ఆ అంకె యంత్రాన్ని బట్టి, ఆనాటి చక్కెరను బట్టి, సూదికీ స్కాన్‌కూ మధ్య గడిచిన సమయాన్ని బట్టి మారుతుంది. రెండు స్కాన్‌లను పోల్చాలంటే వీలైనంతవరకు ఒకే చోట తీయించాలి. 12 వారాల స్కాన్‌లో మెడ శుభ్రంగా ఉంటే ఆ మాట నూటికి దాదాపు 95 మంది విషయంలో నిజమవుతుంది. వెలిగితే మాత్రం అందులో సుమారు సగమే క్యాన్సర్. అందుకే వెలిగిందనగానే కత్తి పట్టకుండా సూదితో నమూనా తీయడమో, కొన్ని వారాలకు మళ్లీ చూడడమో చేస్తారు.

రక్తపరీక్ష విషయం నన్ను నిజంగా ఉత్సాహపరిచింది. గడ్డ నుంచి రక్తంలోకి రాలే హెచ్‌పీవీ డీఎన్‌ఏ ముక్కలను లెక్కపెడతారు. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో 115 మందిని చికిత్స తర్వాత గమనిస్తే, ప్రతిసారీ పరీక్షలో ఏమీ రాని 87 మందిలో ఒక్కరికీ జబ్బు తిరగబెట్టలేదు. అయితే అది ఎక్కడ మిగిలిందో చెప్పదు. ఆ పని స్కాన్‌దే. మీ దగ్గర దొరికితే డాక్టరును అడగండి. చికిత్సకు ముందు తీసిన రక్తం ఎక్కడైనా దాచి ఉందేమో కనుక్కోండి, పోల్చడానికి పనికొస్తుంది.

ఎఫ్‌ఏపీఐ గ్లూకోజును కాక, గడ్డ చుట్టూ ఉండే ఒక రకం కణాల మీది ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. మెదడు వెలగదు కాబట్టి పుర్రె అడుగు భాగం బాగా తెలుస్తుంది, ఉపవాసం కూడా అక్కర్లేదు. కానీ రేడియేషన్ తర్వాత గట్టిపడే మచ్చల్లో కూడా అది చేరుతుంది. మీ నాన్నగారి ప్రశ్నకు అది ఇంకా సూటి జవాబు కాదు. ఎఫ్‌డీజీకే ఉండండి. చికిత్సకు ముందు పెట్-సీటీ తీసి ఉంటే, రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా దాని డిస్కు కూడా వెంట తీసుకెళ్లండి.