షీల్డుల మీద తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, ఎలా సరిచేయాలి?

జులై 1, డాక్టర్స్ డే నాడు నెల్లూరులో మా సంఘం వార్షిక పురస్కారాల విందు. డాక్టర్లతో పాటు ఈసారి ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు కూడా షీల్డులు ఇస్తున్నాం. చెక్క మీద లేజర్‌తో, తెలుగులోనే చెక్కించాలని అందరి పట్టుదల (ఇంగ్లిష్‌లో కొట్టించేయండి సార్ అంటూ షాపతను పోరుతూనే ఉన్నాడు).

మ్యాటర్ వర్డ్‌లో, మండలి ఫాంటుతో టైప్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తోంది. షాపులోని డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా ఎక్స్3లో (పాత వెర్షన్) పేస్ట్ చేయగానే ఒత్తులన్నీ విడిపోతున్నాయి. ‘శస్త్రచికిత్స’లో ‘స్త్ర’ మూడు ముక్కలై, మధ్యలో పొల్లులు తేలుతున్నాయి. అదే ఫాంటు అక్కడ ఇన్‌స్టాల్ చేసినా అంతే. పీడీఎఫ్ ఇస్తే ఇంపోర్ట్‌లో మళ్లీ చెదిరింది. పీఎన్‌జీ బొమ్మగా పంపితే ఒత్తులు నిలిచాయి గానీ, చిన్న అక్షరాల అంచులు రంపపు పళ్లలా వచ్చాయి. అతని దగ్గర అను స్క్రిప్ట్ (యూనికోడ్ కాని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) ఉంది. కానీ పేర్లన్నీ మళ్లీ టైప్ చేయిస్తే ఎవరి పేరు ఎలా మారిపోతుందోనని టెన్షన్. షీల్డు మీద పేరే తప్పయితే ఇంక సన్మానం ఎందుకు?

యూనికోడ్ తెలుగును కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతల ఆకారాలుగా) మార్చి, ఆ పాత కోరల్‌డ్రాలో చెదరకుండా తెరుచుకోవాలంటే, ఉచితంగా దొరికే ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏ ఫార్మాట్‌లో సేవ్ చేసి ఇవ్వాలి?