ఐదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష: విడివిడిగా ఇస్తే అన్నీ రైటే, కలిపి ఇస్తే సగం తప్పులు

పలకాబలపం:

మా అమ్మాయి ఐదో తరగతి. ప్రాథమిక స్థాయి చివరి పరీక్షకి ఇంకా 6 వారాలుంది. ఇంగ్లిష్ పేపర్లో ఖాళీలు పూరించడం, తప్పు దిద్దడం, చెల్లాచెదురుగా ఇచ్చిన పదాలతో వాక్యం కట్టడం, వ్యతిరేక పదాలు, ఒకే అర్థం వచ్చే పదాలు, ఒక పేరాలో ఖాళీలు వస్తాయి.

గ్రామర్ పుస్తకంలో ఏ పాఠం అభ్యాసం ఆ పాఠం దగ్గర చేయిస్తే 10కి 9 తెచ్చుకుంటుంది. మాదిరి ప్రశ్నపత్రం చేతికిస్తే మాత్రం 20కి 11 దాటడం లేదు. "డిడ్ హి వెంట్", "సిన్స్ టూ ఇయర్స్", "ఎ అవర్" లాంటివి ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మొదటికే వస్తున్నాయి. రోజుకి 20 కొత్త పదాలు బట్టీ పట్టిస్తున్నాం, వారం తిరిగేసరికి సగం ఎగిరిపోతున్నాయి. రోజుకి 40 నిమిషాలకు మించి కూర్చోదు. అంతకుమించి కూర్చోబెట్టాలని నాకూ లేదు. ఆ 40 నిమిషాలు ఎలా వాడుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎర్రసిరా:

విడిగా చేసినప్పుడు 9 రావడానికి కారణం ఆ పాఠం పేరేనండి. పైన "సింపుల్ పాస్ట్" అని అచ్చువేసి ఉంటే, పాప చేయాల్సిందల్లా పక్కన ఇచ్చిన క్రియని భూతకాలంలోకి మార్చడమే. "ఇక్కడ ఏ కాలం కావాలి?" అన్న అసలు ప్రశ్నకి జవాబు పుస్తకమే ఇచ్చేసింది. పరీక్షలో ఆ పేరు ఉండదు, కాబట్టి ఆలోచన అక్కడే మొదటిసారి మొదలవుతుంది.

అందుకని పాఠం మొత్తం ఒకే ఊపులో చేయించడం ఆపండి. 6 పాఠాల నుంచి రెండేసి వాక్యాలు తీసి, వరుస మార్చి, ఒక కాగితం మీద 12 రాయండి. ఖాళీ నింపే ముందు పాప ఒక పని చేయాలి: ఆ జవాబు ఏ మాట వల్ల తెలిసిందో దాని కింద గీత గీయాలి. "యెస్టర్‌డే", "ఎవ్రీ డే", "లుక్!", "సిన్స్" లాంటివి. గీత లేకుండా రాసిన జవాబు రైటైనా అర మార్కే అనండి. మొదటి మూడు రోజులు విసుక్కుంటుంది, ఆ తర్వాత కన్ను దానంతట అదే ఆ మాట వైపు పోతుంది.

ఇది మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం పాత పేపర్లు మూడు ముందేసుకుని తప్పులను మూడు కుప్పలు చేయండి: నియమం తెలియనివి, తెలిసీ చూసుకోనివి, ప్రశ్న సరిగా చదవనివి. ఏది ఏ కుప్పలోదో తేల్చడం సులువే. "ఈ వరుసలో ఒక తప్పుంది" అని మాత్రం చెప్పి వదిలేయండి. తనంతట తానే దిద్దుకుంటే అది రెండో కుప్ప. ఆ కుప్ప పెద్దదైతే నియమాలు మళ్ళీ మళ్ళీ వల్లె వేయించి లాభం లేదు, తిరిగి చదువుకునే అలవాటు కావాలి.

ఇక మీరు రాసిన తప్పులు. ఇవి మన భాష లోంచి వచ్చేవి, అందుకే అంత మొండివి.

"డిడ్ హి వెంట్": తెలుగులో "వెళ్ళాడా?" అంటే కాలం, ప్రశ్న రెండూ క్రియలోనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో ప్రశ్న వేయగానే కాలం బరువుని "డిడ్" ఎత్తుకుంటుంది, దాంతో క్రియ తేలికై "గో" అయిపోతుంది. "డజ్" కూడా అంతే. "షి గోస్" లోని ఎస్‌ని "డజ్" లాగేసుకుంటుంది కాబట్టి "డజ్ షి గో". "డిడింట్", "డజింట్" దగ్గరా ఇదే లెక్క. రోజుకి 5 మామూలు వాక్యాలిచ్చి ప్రశ్నగా ఒకసారి, వ్యతిరేకంగా ఒకసారి మార్పించండి. వాటిలో రెండు "ఈజ్", "కెన్" ఉన్న వాక్యాలు కలపండి. లేకపోతే "డజ్ షి ఈజ్" అని కొత్త తప్పు పుడుతుంది.

"సిన్స్ టూ ఇయర్స్": "సోమవారం నుంచి", "రెండేళ్ళ నుంచి", మనకి రెండింటికీ "నుంచి" ఒక్కటే. ఇంగ్లిష్ విడదీస్తుంది. మొదలైన చోటు చెబితే "సిన్స్" (సిన్స్ మండే, సిన్స్ 2020), ఎంతసేపో చెబితే "ఫర్" (ఫర్ టూ ఇయర్స్, ఫర్ టెన్ మినిట్స్). క్యాలెండర్‌లోనో గడియారంలోనో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్, వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి వస్తే ఫర్. ఇందులోనే ఇంకో తప్పు దాక్కుంటుంది. మనం "రెండేళ్ళ నుంచి ఉంటున్నాం" అంటాం కాబట్టి "వి ఆర్ లివింగ్" అని రాస్తారు. అక్కడ "వి హావ్ లివ్డ్" గానీ "వి హావ్ బీన్ లివింగ్" గానీ రావాలి.

మీరు రాయకపోయినా తప్పకుండా ఉండే తప్పు ఇంకోటి చెబుతాను. "ద బాక్స్ ఆఫ్ పెన్సిల్స్ డాష్ బీన్ ఆన్ ద టేబుల్ సిన్స్ మార్నింగ్." ఖాళీ పక్కనే "పెన్సిల్స్" కనిపిస్తుంది, చెయ్యి "హావ్" రాసేస్తుంది. పెన్సిలుతో "ఆఫ్ పెన్సిల్స్" అన్న ముక్కని సన్నగా కొట్టేయమనండి. మిగిలింది "ద బాక్స్ డాష్ బీన్". ఒక్క పెట్టె, కాబట్టి "హ్యాజ్". "ఈచ్ ఆఫ్ ద బాయ్స్", "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" కూడా ఇదే కత్తిరింపుకి లొంగుతాయి. అయితే "వన్ ఆఫ్" తర్వాత వచ్చే పేరు మాత్రం బహువచనమే: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్" తప్పు.

40 నిమిషాల సంగతి: నిన్నటి తప్పులు 5, కలగలిపిన వాక్యాలు 15, పదాలు 10, ఒక చిన్న పేరా 10. వారానికి ఒక రోజు ఇవేవీ వద్దు, గడియారం పెట్టి సగం పేపర్ చేయించండి. చివరి రెండు వారాల్లో పూర్తి పేపర్.

అచ్చులూహల్లులూ:

"ఎ అవర్" కి తెలుగు పిల్లలకి దగ్గరి దారి ఉంది. ఆ పదాన్ని తెలుగు లిపిలో రాయించండి. అచ్చుతో మొదలైతే "యాన్", హల్లుతో మొదలైతే "ఎ". "అవర్" అ తో మొదలైంది కాబట్టి యాన్ అవర్. "యూనిఫామ్" య తో, కాబట్టి ఎ యూనిఫామ్. "వన్-వే" వ తో, కాబట్టి ఎ వన్-వే రోడ్. స్పెల్లింగ్ చూడక్కర్లేదు, శబ్దం చూస్తే చాలు.

ఇంకోటి, ప్రశ్న తోకలు. తెలుగులో అన్నిటికీ "కదా" ఒక్కటే చాలు కాబట్టి పిల్లలు అన్నిటికీ "ఈజింట్ ఇట్" తగిలిస్తారు. మూడు అడుగులు నేర్పండి: సహాయక క్రియ ఏది, అది అవునా కాదా (తిరగేయాలి), కర్తకి సర్వనామం ఏది. "రీటా కెన్ స్విమ్" అంటే "కాంట్ షి". సహాయక క్రియ లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో ఒకటి: "దే ప్లేడ్ వెల్, డిడింట్ దే". "నెవర్", "హార్డ్లీ" ఉంటే వాక్యం అప్పటికే కాదు కింద లెక్క, తోక అవునులో రావాలి. "ఐ యామ్" కి "ఆరెంట్ ఐ", "లెట్స్" కి "షల్ వి" వస్తాయి. ఈ రెండూ బట్టీయే.

ఒత్తులేదు:

అచ్చులూహల్లులూ గారూ, ఆ దగ్గరి దారిలో పెద్ద గొయ్యి ఉందండి. "యాపిల్", "యానిమల్", "యాక్టర్" మనం య తోనే రాస్తాం. మీ లెక్కన "ఎ యాపిల్" అవుతుంది! "ఎగ్", "ఎలిఫెంట్" కూడా చాలామంది నోట "యెగ్గు", "యెలిఫెంట్" అనే వస్తాయి, ఎందుకంటే మాట మొదట ఎ వస్తే దాని ముందు చిన్న య చేర్చడం మనకి అలవాటు. ఇక "హానెస్ట్" ని హ తో రాస్తాం, ఇంగ్లిష్‌లో ఆ హెచ్ అసలు పలకదు. శబ్దం ముఖ్యం అన్న మాట నిజమే. కానీ మన లిపిలో పడేది ఎప్పుడూ ఆ శబ్దం కాదు.

స్పెల్లింగ్ నుంచే వెళ్ళి, మినహాయింపులు గుర్తుపెట్టుకోవడం ఈ వయసుకి సులువు. మొదటి అక్షరం ఏ, ఐ అయితే కళ్ళు మూసుకుని యాన్. ఇ అయితే యాన్, కాకపోతే ఇ-యు కలిసి "యూ" అని పలికితే ఎ (ఎ యూరోపియన్ కంట్రీ). ఓ అయితే యాన్, కానీ "వన్", "వన్స్" కి ఎ. యు దగ్గరే అసలు చూసుకోవాలి: "యూ" అని పలికితే ఎ (యూనిఫామ్, యూనిట్, యూజ్‌ఫుల్), "అ" అని పలికితే యాన్ (అంబ్రెల్లా, అంకుల్, అగ్లీ). హెచ్ పలకని మాటలు ఈ స్థాయిలో అవర్, ఆనెస్ట్, ఆనర్, ఎయిర్ అంటే వారసుడు, ఈ నాలుగు చాలు.

ఆర్టికల్ చూడాల్సింది వెంటనే వచ్చే మాటని, నామవాచకాన్ని కాదు. "యాన్ ఎలిఫెంట్", కానీ "ఎ బిగ్ ఎలిఫెంట్". "ఎ మ్యాన్", కానీ "యాన్ ఓల్డ్ మ్యాన్". తప్పు దిద్దే ప్రశ్నల్లో ఎక్కువగా ఇక్కడే వల వేస్తారు.

పదాలపురుగు:

రోజుకి 20 పదాలు ఎక్కువండి. 6 చాలు, కానీ అవి తిరిగి తిరిగి రావాలి: మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు. ఒక్కసారి 20 చదివితే ఆ పూటకి గుర్తుంటాయి, అంతే. 6 చొప్పున వారానికి 5 రోజులు, 6 వారాలకి 180 పదాలు. చివరి రెండు వారాల్లో కొత్తవి సగానికి తగ్గించినా 150 మిగులుతాయి.

చీటీ మీద ఒకవైపు పదం, రెండోవైపు తెలుగు అర్థం రాస్తున్నట్టయితే అదీ మార్చండి. పరీక్ష అర్థం అడగదు, వాక్యంలో పెట్టమంటుంది. ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం, ఖాళీలో మొదటి అక్షరం. వెనకవైపు పదం, దాని వ్యతిరేకం, దాని కుటుంబం. "సక్సీడ్" ఒక్కటే రాస్తే ఒక్క మార్కు. "సక్సీడ్, సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ" నాలుగూ రాసుకుంటే, ఖాళీకి ముందు "ఎ" ఉండి తర్వాత నామవాచకం ఉంటే "సక్సెస్‌ఫుల్" అని చూడగానే తెలుస్తుంది.

జంట పదాలు ఈ చీటీల్లోనే పెట్టండి. మనం వాన "పెద్దగా" పడింది అంటాం, వాళ్ళు "హెవీ రెయిన్" అంటారు. "బిగ్ రెయిన్" రాస్తే మార్కు పోతుంది. గాలికి మళ్ళీ "స్ట్రాంగ్ విండ్". మన "చేయి" అక్కడ రెండు ముక్కలు: "మేక్ ఎ మిస్టేక్", "డూ హోంవర్క్". మన "చూడు" మూడు: "లుక్ ఎట్ ద బోర్డ్", "వాచ్ ఎ మ్యాచ్", "సీ ఎ స్టార్". "డిస్కస్", "రీచ్", "ఎంటర్" పక్కన ఏమీ అక్కర్లేదు. మనకి "గురించి చర్చించాం", "ఇంటికి చేరాం" కాబట్టి "డిస్కస్డ్ అబౌట్", "రీచ్డ్ టు" వచ్చి పడతాయి.

క్రియల మూడు రూపాలు అక్షర క్రమంలో చదివించకండి, పోలికను బట్టి గుంపులు చేయండి. మారనివి: కట్, పుట్, హిట్, షట్, హర్ట్. ఐ-ఏ-యు వరుసలో మారేవి: సింగ్, రింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్. చివర జి-హెచ్-టి వచ్చేవి: బ్రాట్, బాట్, థాట్, ఫాట్, కాట్, టాట్. ఈ ఆరింటిలో స్పెల్లింగ్ ఏ-యు నా ఓ-యు నా అని తికమక పడతారు. అసలు క్రియలో ఏ ఉందేమో చూడండి. "క్యాచ్", "టీచ్" రెండింట్లోనూ ఏ ఉంది, అందుకే వాటికే ఏ-యు. బ్రింగ్, బై, థింక్, ఫైట్‌లలో ఏ లేదు, వాటికి ఓ-యు.

స్పెల్లింగ్ పదిసార్లు రాయించడం వృథా. మూడోసారి నుంచి చెయ్యి రాస్తుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. చూసి, మూసి, రాసి, తెరిచి సరిచూడటం రెండుసార్లు చాలు. తప్పు పోయిన అక్షరాన్నే రంగు పెన్నుతో దిద్దించండి, మొత్తం పదాన్ని కాదు.

పలకాబలపం:

అందరికీ ధన్యవాదాలండి. పాత పేపర్లు కుప్పలు చేశాను. ఎర్రసిరా గారు అన్నట్టే రెండో కుప్పే పెద్దది: 27 తప్పుల్లో 15 తనే దిద్దుకుంది. మరి పరీక్షలో "ఈ వరుసలో తప్పుంది" అని చెప్పేవాళ్ళు ఉండరు కదా? పేరాలో ఖాళీల దగ్గర మరీ తడబడుతోంది.

ఎర్రసిరా:

పేరాలో ఖాళీలు వచ్చినచోట పిల్లలు మొదటి వాక్యం చదవగానే మొదటి ఖాళీ నింపేస్తారు. దాని జవాబు మూడో వాక్యంలో ఉంటుంది. మొదటిసారి పెన్సిలు కింద పెట్టి చివరిదాకా చదవాలి. రెండోసారి అనుమానం లేనివి మాత్రమే నింపాలి. మూడోసారి మిగిలినవాటికి ముందు మాట, వెనక మాట చూసి, అక్కడ క్రియ కావాలా, పేరు కావాలా, కలిపే మాట కావాలా తేల్చాలి. ఒక్క ఖాళీకి ఒక్క మాటే, "హ్యాజ్ బీన్" అని రెండు ఇరికిస్తే సున్నా. "బికాజ్" తో మొదలైన వాక్యం మధ్యలో "సో", "దో" తో మొదలైనదాంట్లో "బట్" పెట్టకూడదు. మనం "అయినా", "కానీ" రెండూ వాడేస్తాం కాబట్టి చెవికి అది తప్పనిపించదు.

చెప్పేవాళ్ళు లేనప్పుడు ఎలా అన్నారు. పేపర్ అయ్యాక ఊరికే "ఒకసారి చూసుకో" అంటే ఏమీ దొరకదు, తను రాసిందే కాబట్టి కన్ను జారిపోతుంది. ఒక్కో చుట్టుకి ఒక్కటే వెతకాలి. మొదటి చుట్టు క్రియలు మాత్రమే: కర్తతో కుదిరిందా, కాలం కుదిరిందా, "డిడ్" పక్కన మొదటి రూపమేనా. రెండో చుట్టు "ఎ", "యాన్", చివరి ఎస్‌లు. మూడో చుట్టు పెద్ద అక్షరాలు, ఫుల్‌స్టాపులు, ప్రశ్నార్థకాలు. ఈ మూడో చుట్టు చివరి వాక్యం నుంచి పైకి చదివితే అర్థం వెంట పడి పోకుండా అక్షరాలు కనిపిస్తాయి. మొత్తం 6 నిమిషాలు పడుతుంది, కాబట్టి ఇంట్లో గడియారం పెట్టినప్పుడే ఆ 6 నిమిషాలు తీసి పక్కన పెట్టండి. దిద్దేది మీరు కాదు. వరుస చివర "2" అని మాత్రం రాసివ్వండి, ఆ రెండూ తనే వెతుక్కోవాలి. రెండు వారాలయ్యాక ఆ అంకె పేజీ అడుగుకి మార్చండి, పేజీ మొత్తానికి ఒకటే.

పదాలపురుగు:

ఒక చిన్న మాట. రెండో చుట్టులో అనుమానం వచ్చి రైటు జవాబు కొట్టేసే పిల్లలుంటారు. కారణం చెప్పగలిగితేనే మార్చాలి, "ఎందుకో బాలేదు" అనిపిస్తే వదిలేయాలి అని ముందే చెప్పండి.