కుటుంబ నియంత్రణ తపాలా బిళ్ళ మీద నల్ల అక్షరాలేంది?

హనుమకొండ నుంచి:
తాత ఉత్తరాల కట్టలో 1971 కవరు దొరికింది. 5 పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు మీద ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని, హిందీలో కూడా అచ్చేసి ఉంది. ఎందుకన్నా?

కాజీపేట, పోస్టల్‌ల చేసి రిటైరైన:
తమ్మీ, అది బంగ్లాదేశ్ యుద్ధం నాటిది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది కాందిశీకులు వచ్చిండ్రు. వాళ్ళ కోసం 1971 నవంబరు 15 నుంచి ఉత్తరాలకు 5 పైసలు అదనం పెట్టిండ్రు, కార్డులకు లేదు. కొత్త స్టాంపు డిసెంబరు 1న గానీ రాలే. అందాక ఉన్న స్టాంపు మీదనే ఆ అక్షరాలు అచ్చేసిండ్రు, దీన్నే ఓవర్‌ప్రింట్ అంటరు. అవి అందని కొన్ని ఊర్లల్ల రబ్బరు ముద్రలు కొట్టిండ్రు. నాకైతే ఆ వంకరటింకర ముద్రలే ప్రాణం! ఈ పన్ను 1973 మార్చి దాకా నడిచింది.

హనుమకొండ నుంచి:
స్టాంపు ఊడదీసి ఆల్బంల పెట్టాల్నా?

కరీంనగర్ నుంచి:
అస్సలు తియ్యకు. రబ్బరు ముద్రలకు నకిలీలు మస్తు. కవరు మీద తేదీ ముద్ర ఉంటేనే నమ్ముతరు.

కాజీపేట:
అవును. ఆ తేదీ నవంబరుదా, చూసి చెప్పు తమ్మీ.