ఆటిజం ఉన్న బాబుని పెళ్లికి తీసుకెళ్లాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం ఉంది. మాటలు కొద్దిగానే వచ్చు కానీ మనం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటాడు. వచ్చే నెల కావలిలో మా తమ్ముడి పెళ్లి. మేనల్లుడు లేకుండా పెళ్లేంటని వాడి పట్టు. నాకూ బాబుని వదిలి వెళ్లాలని లేదు. రైల్లో గంట ప్రయాణమే, రైలంటే వాడికి ప్రాణం.

ఇంట్లో పనులు బొమ్మల కార్డులతో బాగానే సాగుతున్నాయి. బీరువా తలుపుకి వరసగా అంటించాం: బ్రష్, స్నానం, ఇడ్లీ, ఆటో, స్కూలు. ఒక్కో పని అవగానే ఆ కార్డు తనే పీకి డబ్బాలో వేస్తాడు. మైపాడు బీచ్‌కి వెళ్లినా ముందే అలల ఫొటో, తర్వాత ఇంటి ఫొటో చూపిస్తే పేచీ పెట్టకుండా తిరిగొస్తాడు.

టెన్షనంతా మేళం గురించే. మిక్సీ వేసినా చెవులు మూసుకునే పిల్లాడు, తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎలా తట్టుకుంటాడు? శబ్దం తగ్గించే ఇయర్‌మఫ్స్ పిల్లల సైజువి నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ దొరుకుతాయా? అవి తలకి పెట్టుకోవడం మీ పిల్లలకి ఎలా అలవాటు చేశారు? మండపంలో ఒక గది విడిగా అడుగుతున్నాం. బట్టలంటారా, జరీ గుచ్చుకుంటుంది కాబట్టి మెత్తటి కాటన్ చొక్కానే వేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

ఇంకొకటి. బంధువులు ప్రేమకొద్దీ బుగ్గలు గిల్లుతారు, ఎత్తుకుంటారు. చెప్పకుండా ముట్టుకుంటే వాడు హడలిపోతాడు. ఇది పెంపకం లోపం కాదని, మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా అని పెద్దవాళ్లు నొచ్చుకోకుండా మీరెలా చెప్పారు? ముందే వాట్సాప్‌లో రాసి పంపారా, ఇంటికెళ్లి చెప్పారా?