వీధి బతుకుల సినిమాల్లో కళ ఉందా, కత్తులేనా?

ఎనుమాముల పోరడు:
బస్తీ గొడవల మీద వచ్చిన సినిమా చూసి మా తమ్ముడు "బూతుల మూట, దీన్ని కళ అంటారా" అన్నాడు. నేను ఒప్పుకోను. 1988లో మీరా నాయర్ 'సలాం బాంబే' తీసినప్పుడు ముంబై వీధి పిల్లలకే వర్క్‌షాప్ పెట్టి నటింపజేశారు. ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా పండుగలో తొలి సినిమాకు ఇచ్చే కెమెరా దోర్ అవార్డు వచ్చింది. మురికి చూపించారు కాబట్టి అది కళ కాకుండా పోయిందా?

మండిబజార్ సార్:
అవార్డు వస్తే కళేనా? 1989లో 'శివ' వచ్చింది, హీరో సైకిల్ చైన్ లాగాడు. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. మా కాలేజీలో రెండు గ్రూపులు చైన్లు పట్టుకొని తిరిగాయి. నా రూమ్మేట్‌కు చెవి వెనక ఏడు కుట్లు పడ్డాయి. రోజూ కట్టు మార్చింది నేనే.

కాజీపేట జంక్షన్:
చైన్ చేత్తో లాగితే రాదు సార్. లింకు పిన్ను కొట్టి తీయాలి.

మండిబజార్ సార్:
ఎట్లా తీశారో నాకు అనవసరం. కుట్లు నా కళ్లారా చూశాను.

ఎనుమాముల పోరడు:
సార్, మీరు చైన్ దగ్గరే ఆగారు. 1948 నాటి ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్' చూడండి. హీరోగా వేసింది ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. సైకిల్ పోతే పని పోతుంది. చివరికి తనే ఇంకొకరి సైకిల్ ఎత్తుకెళ్తూ కొడుకు ముందే దొరికిపోతాడు. పిల్లాడు తండ్రి చేయి పట్టుకుంటాడు. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి సీజన్‌లో ఇంటికొస్తే ఘాటు నాకు తగులుతుందని స్నానం చేసేదాకా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒకరోజు గుమస్తా నా ముందే నాన్నను అమ్మనా బూతులు తిట్టాడు. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. నేను ఆయన చేయి పట్టుకోలేదు. ఆ సినిమా చూసినప్పుడే అది నాకు గుర్తొచ్చింది.

శివనగర్ అక్క:
మా గల్లీలో పది రోజులు షూటింగ్ జరిగింది. పొద్దున్నే ఊడ్చి ముగ్గేసిన వాకిట్లో చెత్త తెచ్చి పోశారు, గోడకు మసి పూశారు. తెర మీద మా గల్లీలో అందరూ గంజాయి అమ్మేవాళ్లే. చెల్లికి వచ్చిన సంబంధం వాళ్లు "ఆ సినిమాలో గల్లీ మీదేనా" అని అడిగారు. మళ్లీ ఫోన్ చేయలేదు.

ఎనుమాముల పోరడు:
అది చెడ్డ సినిమా అక్కా. 'సలాం బాంబే' తర్వాత అక్కడి పిల్లల కోసం సలాం బాలక్ ట్రస్ట్ పెట్టారు.

శివనగర్ అక్క:
నచ్చితే కళ, నచ్చకపోతే చెడ్డ సినిమా, అంతేనా? నువ్వు ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లో కదా తమ్మీ. ఏడ్చి, థియేటర్ నుంచి ఫ్లాట్‌కు పోతావ్. నేను పోయేది ఆ గల్లీకే.

కాజీపేట జంక్షన్:
పోరడు వదిలేసి పోయినోడే కదా, అక్క మాట కరెక్ట్.

ఎనుమాముల పోరడు:
అవును, పోయాను. పదకొండేళ్లయింది. పోయినవాడు చెప్పొద్దంటే ఇంకెవరు చెబుతారు? నాన్న బస్తా మోస్తున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఆయన ఇక లేడు. ఎవరైనా ఒక కెమెరా పట్టుకొని ఆ యార్డుకు వచ్చి ఉంటే బాగుండేది.

శివనగర్ అక్క:
మీ నాన్నను తీస్తే నేనూ చూస్తా. బస్తా మోసేది తీయాలి, నీకు ఘాటు తగలొద్దని దూరం పెట్టింది కూడా తీయాలి. మా దగ్గర చెత్త పోసే ముందు ఒక్క మాట అడగలేదు. పది రోజుల్లో ఒక్కసారి కూడా మా ముగ్గు మీద కెమెరా పెట్టలేదు.